కాగితంగా ఉన్నప్పుడే పట్టుకోవాలి

ప్రశ్న: "హైదరాబాద్ శివార్లో రెండేళ్ల కిందట ఫ్లాట్ కొన్నాం. అపార్ట్‌మెంట్ వెనక చిన్న కుంట ఉంది. దాని ఒడ్డు మీదుగా వంద అడుగుల రోడ్డు పడుతుందని అందరూ చెప్పుకుంటున్నారు. ఇలాంటివన్నీ పైవాళ్లూ, బిల్డర్లూ కలిసి తేల్చుకునేవే కదా సర్, మామూలు జనం మాట ఎవరైనా వింటారా? వింటే ఎక్కడ మొదలుపెట్టాలి?"

జవాబు:

వింటారు. కాకపోతే వినే వేళ ఒకటుంటుంది. అది దాటాక ఎంత గట్టిగా అరిచినా లాభం ఉండదు.

నేను ఇరవై ఏడేళ్లు మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేశాను. రిటైరయ్యాక తొమ్మిదేళ్లుగా మా కాలనీ సంఘానికి కార్యదర్శిని. అంటే టేబుల్‌కి రెండు వైపులా కూర్చున్నవాణ్ణి. ఆ వైపు ఉన్నప్పుడు కాలనీవాళ్లు గుమ్మంలో కనబడితే "మళ్లీ వచ్చార్రా బాబూ" అనుకున్న రోజులున్నాయి. ఇప్పుడు నన్ను చూసి అలాగే అనుకునే కుర్రాళ్లు ఆ కుర్చీల్లో ఉన్నారు. ఇద్దరి బాధా తెలుసు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

రోడ్డయినా, ఫ్లైఓవరయినా, జోన్ మార్పయినా ముందు కాగితం మీదే పుడుతుంది. అది కాగితంగా ఉన్నంతకాలం ఒక డ్రాఫ్ట్స్‌మన్ చేతిలోని పెన్సిలుతో మారిపోతుంది. టెండర్ ఖరారయ్యాక మార్చాలంటే కోర్టు గడప ఎక్కాలి. కాంక్రీటు పడ్డాక ఇక మార్చేదేమీ ఉండదు, నష్టపరిహారం గురించి మాట్లాడుకోవడమే. మనవాళ్లు ఎక్కువమంది జేసీబీ కనిపించిన రోజున బయటికొస్తారు. ఆ రోజు ఫొటోలు బాగా వస్తాయి, పని మాత్రం కాదు.

కామారెడ్డి సంగతి గుర్తుండే ఉంటుంది. అక్కడి మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో పట్టణంలో కలిసిన పల్లెల పంటపొలాలు కొన్ని ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయి, కొన్ని కొత్తగా గీసిన వెడల్పాటి రోడ్ల కింద పడ్డాయి. అభ్యంతరాలకు 2023 జనవరి 11 దాకా గడువు. మామూలుగా ఇలాంటి మ్యాపు ఆఫీసు గోడ మీద వేలాడుతూ దుమ్ము పట్టి, గడువు ముగిశాక లోపలికి పోతుంది. అక్కడ రైతులు దాని ముందు నిలబడి తమ సర్వే నంబరు ఏ రంగులో పడిందో వెతుక్కున్నారు. పసుపైతే ఇళ్లు, ఊదా అయితే పరిశ్రమలు. జేఏసీ పెట్టుకున్నారు, రాతలో అభ్యంతరాలిచ్చారు, కలెక్టరేట్ ముందు కూర్చున్నారు, కౌన్సిలర్లను నిలదీశారు. ఆ రోజుల్లోనే ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. అందుకే దాన్ని గెలుపు కథలా చెప్పడానికి నాకు నోరు రాదు. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ కూర్చుని ఆ ముసాయిదా వద్దని తీర్మానం చేసింది. జగిత్యాలలో కూడా అదే నెలలో మాస్టర్ ప్లాన్ వెనక్కిపోయింది.

టీవీల్లో ధర్నాలే కనిపించాయి కాబట్టి ధర్నాతోనే ఆగిందనుకుంటాం. ఆఫీసు లోపల్నుంచి చూసినవాడిగా చెబుతున్నాను, గడువులోపు ఫైల్లోకి చేరిన అభ్యంతరం లేకపోతే ధర్నాకి పట్టు దొరకదు. "ప్రజల నుంచి వచ్చిన అభ్యంతరాల దృష్ట్యా" అని రాసుకోవడానికి కౌన్సిల్‌కి ఒక ఆధారం ఉండాలి. వెనక్కి తగ్గాలనుకునే అధికారికి కూడా పరువు దక్కించుకునే దారి ఆ కాగితమే.

అభ్యంతరం రాసే పద్ధతి కూడా చెప్తాను, ఇది బయట ఎవరూ చెప్పరు. గడువు ముగిశాక మేం ఒక పట్టిక తయారుచేసేవాళ్లం. వరుస నంబరు, పేరు, సర్వే నంబరు, అభ్యంతరం సారాంశం, మా రిమార్కు. "మా ప్రాంతానికి తీరని అన్యాయం జరుగుతున్నది" అని రాస్తే రిమార్కు గడిలో "పరిశీలించడమైనది" అని రాసి కింది వరుసకి పోతాం. అదే "ఫలానా సర్వే నంబర్లో ఈ రోడ్డు వాగుని దాటుతోంది, ఇక్కడ కల్వర్టు చూపలేదు, ఉత్తరాన ఉన్న పాత బండ్లబాట మీదుగా తీసుకెళ్తే ఇళ్లు పోవు" అని రాస్తే ఎవరో ఒకరు సైటుకి వెళ్లి చూడక తప్పదు. చూడకుండా రిమార్కు రాస్తే రేపు కోర్టులో అతనే ఇరుక్కుంటాడు. ఇంకొకటి: ఒకే ఉత్తరాన్ని ఐదొందల జిరాక్సులు తీసి సంతకాలు పెట్టిస్తే, "ఐదొందల మంది ఒకే అభ్యంతరం" అని పట్టికలో ఒక్క వరుసలో తేలిపోతుంది. ఇరవై మంది తమ తమ ఇంటి నంబర్లతో, తమ సొంత మాటల్లో రాస్తే ఇరవై వరుసలు. ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోవడం మరవొద్దు. "సారు లేరు, రేపు రండి" అంటే స్పీడ్ పోస్టులో పంపండి.

ఇక మా కాలనీ కథ. మాది ఎనభైల నాటి లేఅవుట్. అందులో పార్కుకని వెయ్యి గజాల పైచిలుకు జాగా వదిలారు. ముళ్లకంపలు పెరిగి, బర్రెలు కట్టేసుకునే చోటుగా మిగిలింది. ఏడేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున్నే ఎవరో వచ్చి నాలుగు కడీలు పాతి, రేకుల గది వేసేశారు. అడిగితే రిజిస్ట్రేషన్ కాగితం చూపించారు! లేఅవుట్ వేసినాయన వారసులు ఆ జాగాకి కొత్త నంబర్లు వేసి అమ్మేశారన్నమాట. వాట్సాప్‌లో ఆ రోజు మూడొందల మెసేజీలు వచ్చాయి. సాయంత్రం మీటింగ్‌కి వచ్చింది పదకొండు మంది.

పార్కులకీ రోడ్లకీ వదిలిన జాగాని లేఅవుట్ వేసినవాడు స్థానిక సంస్థ పేరున గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయాలి. పాత లేఅవుట్లలో చాలావాటికి ఈ పని జరగలేదు. మాకూ జరగలేదు. ఆమోదించిన లేఅవుట్ నకలు కోసం తిరిగితే ఫైలు దొరకడం లేదన్నారు. నేను పనిచేసిన రోజుల్లో ఇదే మాట ఎంతమందికి చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మమ్మల్ని గట్టెక్కించింది ఒక పెద్దావిడ. ఆవిడ ఇల్లు ఆ జాగాకి ఆనుకుని ఉంటుంది. భర్త పోయినా ఆయన కాగితాలన్నీ ఇనప్పెట్టెలో గుడ్డలో చుట్టి దాచింది. ఆ ప్లాటు అమ్మకం దస్తావేజులో హద్దులు చదివితే "ఉత్తరం: పార్కు స్థలం" అని ఉంది! అమ్మినాయన సంతకంతోనే. వెంటనే చుట్టూ ఉన్న తక్కిన ప్లాట్ల దస్తావేజులు పోగుచేశాం. ఇంకో నాలుగింటిలో కూడా అదే మాట. రిజిస్ట్రేషన్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీలు తీసుకుని, ఒకే మ్యాపు మీద ఐదు హద్దులూ చూపించి ఇచ్చాం. దొరకని ఫైలు ఆ తర్వాత నెలకి దొరికింది. ఎలా దొరికిందని నన్నడక్కండి.

అయినా మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ ఆ జాగాని నిలబెట్టింది కాగితాలొక్కటే కాదు. రోజూ పొద్దున అక్కడే నడిచేవాళ్లం. బతుకమ్మ అక్కడే ఆడారు. పిల్లలు వికెట్లు పాతారు. వేప, కానుగ మొక్కలు పెట్టి ఒక్కో ఇంటికి ఒక్కో మొక్క అప్పజెప్పాం. ఎవరూ తొక్కని జాగా మీదే కబ్జాదారు కన్ను పడుతుంది. మీ దగ్గర ఖాళీ జాగా ఉంటే ముందు దాన్ని వాడటం మొదలుపెట్టండి, బోర్డు తర్వాత పెట్టుకోవచ్చు.

సమాచార హక్కు చట్టం గురించి అందరికీ తెలుసు. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. కానీ అడిగే తీరు తెలియక చాలామంది ఖాళీ జవాబుతో తిరిగొస్తారు. "ఈ రోడ్డు ఎందుకు వేయలేదు?" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే 'ఎందుకు' అనేది రికార్డులో ఉండదు. "ఈ పనికి సంబంధించిన ఎస్టిమేట్, కొలతల పుస్తకం, చెల్లించిన బిల్లుల నకళ్లు" అని అడగండి. ఇంకా మంచిది, ఫైలు తనిఖీ అడగడం. చట్టం సెక్షన్ 2(జె) ప్రకారం ఫైలు కూర్చుని చూసే హక్కు, నోట్సు రాసుకునే హక్కు ఉన్నాయి. జరుగుతున్న పనిని చూడటానికి, వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరించి ఇమ్మనడానికి కూడా హక్కుంది. మా వీధిలో సీసీ రోడ్డు పడుతున్నప్పుడు నమూనా కావాలని అర్జీ పెట్టాం. నమూనా చేతికి రాకముందే కాంట్రాక్టరు ఇంకో రెండు లారీల సిమెంటు దింపించాడు.

జన్మభూమి అనే ప్రభుత్వ కార్యక్రమం రోజుల్లో, అది 1997లో మొదలైంది, కాలనీ తన వాటా డబ్బు కడితే పని మంజూరయ్యేది. దాని మీద ఎన్ని విమర్శలున్నా ఒకటి మాత్రం చూశాను. జేబులోంచి డబ్బిచ్చిన ప్రతి ఇంటాయనా ఎండలో గొడుగేసుకుని నిలబడి కంకర తట్టలు లెక్కపెట్టేవాడు.

చట్టంలో మనకిచ్చిన కుర్చీలు కూడా కొన్ని ఉన్నాయి. 1993లో అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ జనాభా మూడు లక్షలు, అంతకు మించి ఉన్న ప్రతి పట్టణంలో వార్డు కమిటీలు ఉండాలంది. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టంలోనూ, 2020లో సవరించిన జీహెచ్‌ఎంసీ చట్టంలోనూ వార్డుకి నాలుగు కమిటీలు రాశారు. యువకులు, మహిళలు, పెద్దవాళ్లు, ప్రముఖులు. మీ వార్డు ఆఫీసుకెళ్లి ఈ కమిటీల్లో ఎవరున్నారు, చివరిగా ఎప్పుడు కూర్చున్నారు, మినిట్స్ ఏవి అని అడగండి. వచ్చే జవాబును బట్టి మీ వార్డు ఎలా నడుస్తోందో తెలిసిపోతుంది. నాయకులను తిట్టేముందు మన వైపూ చూసుకోవాలి. 2009, 2016, 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఒక్కసారి కూడా సగం మంది ఓటేయలేదు. ఎమ్మెల్యే ఎవరో తెలుసు, ప్రధాని ఏం తిన్నాడో తెలుసు, మన నాలా పూడిక గురించి ఓటేసే కార్పొరేటర్ పేరు తెలియదు.

ఇప్పుడు మేం చేసిన తప్పు ఒకటి చెప్పాలి. జనం మాట చెల్లితే ఊరు బాగుపడిపోతుందని నేనూ నమ్మేవాణ్ణి. పదేళ్లు వెంటబడి మా వీధులకి సీసీ రోడ్లు వేయించుకున్నాం. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోశారు. మేం నోరెత్తలేదు, తవ్వితే ఆలస్యమవుతుందని. రోడ్డు ఎత్తు పెరిగింది, పక్కన మట్టి లేకుండా గోడ నుంచి గోడకి సిమెంటు. 2020 అక్టోబర్ 13 రాత్రి వాన మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి మా వీధుల్లో చుక్క నిలవలేదు. తెల్లారి గ్రూపులో "మన రోడ్లు సూపర్" అని మెసేజీలు. మా నీళ్లన్నీ దిగువ బస్తీలో నడుం లోతున నిలిచాయని ఆ రోజు ఇంటి పనిలోకి రాని అమ్మాయికి ఫోన్ చేస్తేగానీ తెలియలేదు.

వెళ్లి చూశాక నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు. టౌన్ ప్లానింగ్‌లో ఇన్నేళ్లు చేసినవాణ్ణి, నీళ్లు పల్లానికి పోతాయన్న సంగతి ఎలా మరిచాను? తర్వాత బస్తీ మహిళా సంఘంవాళ్లతో కూర్చున్నాం. నేను నేల ఎత్తుపల్లాలు చూపే కంటూరు మ్యాపు పట్టుకెళ్లాను. వాళ్లకి మ్యాపు అక్కర్లేదు. ఏ మూల నుంచి నీళ్లు మొదట వస్తాయో, ఎంతసేపటికి గడపెక్కుతాయో, ఏ తూములో ఇటుక ముక్కలు అడ్డంపడ్డాయో వేళ్ల మీద చెప్పారు. ఆ ఇటుక ముక్కలు మా కాలనీలో ఇళ్లు కట్టినప్పుడు పారబోసినవే. ఇద్దరం కలిసి వరదకాల్వకి అర్జీ పెట్టాం. రెండు కాలనీల సంతకాలు ఒకే కాగితం మీద ఉంటే ఆఫీసులో చూపు మారుతుంది. "మీవాళ్లకి చేస్తే వాళ్లు గొడవ చేస్తారు" అనే సాకు చచ్చిపోతుంది.

అందుకే కాలనీ సంఘం అంటే జనం అనుకోకండి. మా సంఘంలో సభ్యత్వం ఇంటి యజమానులకే. అద్దెకుండేవాళ్లు లేరు, వాచ్‌మన్ కుటుంబాలు లేవు. ఒకసారి గేటు ముందు కూరగాయల బండ్లు తీసేయించాలని తీర్మానం పెట్టారు. నేను ఒక్కణ్ణే వద్దన్నాను. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఎక్కడ అమ్ముకోవాలో తేల్చే టౌన్ వెండింగ్ కమిటీలో నలభై శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, వాళ్లూ ఈ ఊరివాళ్లే. తీర్మానం నెగ్గింది. నెల తిరిగేసరికి "కొత్తిమీరకి కూడా బండి తీయాలా" అని ఇళ్లల్లోనే గొడవ మొదలైంది. బండ్లు వాటంతటవే వెనక్కొచ్చాయి, ఎవరూ ఏమీ అనలేదు.

ఒకసారి నెగ్గితే పని అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాలకు ఆంక్షలు పెట్టిన జీవో 111 వచ్చింది 1996 మార్చి 8న. ఆ పరిధిలో శంషాబాద్ మండలంలో ఒక నూనె పరిశ్రమ పెట్టబోతే నగరంలోని ఒక పౌర పర్యావరణ సంఘం కూడా అడ్డు నిలిచింది. వ్యవహారం సుప్రీంకోర్టుకి చేరింది. 2000 డిసెంబర్లో జంట జలాశయాల పక్షాన తీర్పొచ్చింది. నీటికి హాని జరగదని నిరూపించే భారం పరిశ్రమ పెట్టేవాడిదే అన్న సూత్రం ఈ కేసులోనే గట్టిపడింది. అంత జరిగాక కూడా 2022 ఏప్రిల్లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ జీవో 69 వచ్చింది. కేబీఆర్ పార్కు చూడండి. 2016లో నడకకు వచ్చేవాళ్లు చేతులు కలిపి నిలబడ్డారు, హరిత ట్రిబ్యునల్‌కెళ్లి చెట్ల నరికివేత ఆపించారు. 2024లో అదే పార్కు చుట్టూ ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు మళ్లీ కాగితమెక్కాయి. నెగ్గినదాన్ని కాపాడుకోవడం అంటే చెరువు కట్ట కాపాడుకోవడం లాంటిదే. ఏటా వానలకి ముందు ఒకసారి నడిచి చూడాలి.

ఇక మీ కుంట సంగతి.

మొదట పుకారో నిజమో తేల్చండి. 2013 జనవరిలో నోటిఫై అయిన హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) 2031 ప్రణాళికలో మీ గ్రామం షీటు తీసి ఆ రోడ్డు ఉందేమో చూడండి. ఉంటే అది మీరు ఫ్లాటు కొనకముందే గీసిన గీత. అప్పుడు మీరు అడగాల్సింది మార్పు, అది కష్టమైన దారి, కానీ మూసిన దారి కాదు. లేకపోతే కొత్త ప్రతిపాదన ఎవరి దగ్గరుందో సమాచార హక్కు కింద అడగండి.

రెండోది, కుంట హద్దు. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు, చూపే మ్యాపులు హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్లో ఉంటాయి. ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా అని చూసుకోండి. ప్రాథమికమే అయితే అభ్యంతరాలకు ఇంకా తలుపు తెరిచే ఉన్నట్టు. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంటే సుమారు పాతిక ఎకరాలు, అంతకు మించిన చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలి. ఇవి కట్టడాల గురించిన దూరాలు. రోడ్డు విషయంలో మీ వాదన నీటి దారి మీద నిలబడాలి. కుంటలోకి నీళ్లొచ్చే కాల్వ ఏది, అలుగు ఎక్కడ, అలుగు దూకిన నీళ్లు ఏ చెరువులోకి పోతాయి? ఈ గొలుసులో ఎక్కడ రోడ్డు అడ్డంపడుతుందో చూపించగలిగితే మీ కాగితం పట్టికలో ఆగుతుంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు వెనక్కి జరిపి చూడండి, వానాకాలం తర్వాతవి ముఖ్యం. రెవెన్యూ గ్రామ నక్ష తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టండి. ఆ ఊళ్లో పాతకాపులు ఇద్దరు ముగ్గురిని పలకరించండి. శిఖం, అంటే చెరువు గర్భంలోని భూమి, ఎంతవరకు, నీళ్లు ఏ ఏడు ఎక్కడిదాకా వచ్చాయి అన్నది వాళ్లకి తెలిసినంత శాటిలైట్‌కి కూడా తెలియదు.

మూడోది కొంచెం చేదుగా ఉంటుంది. ఇదంతా మొదలుపెట్టేముందు మీ అపార్ట్‌మెంట్ ప్రహరీ ఎక్కడుందో కొలిపించుకోండి. 2024 జులైలో చెరువుల, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక కుంట గురించి అర్జీ పెట్టిన ఎవరికైనా కొలత తమ గోడ దాకా రావచ్చు. "చెరువు కాపాడండి" అని బయల్దేరి, సర్వేయర్ చైను తమ సెల్లార్ దగ్గర ఆగేసరికి మౌనంగా ఇంటికెళ్లిపోయిన సంఘాలను చూశాను. మీ బిల్డర్ దగ్గర నీటిపారుదల శాఖ నిరభ్యంతర పత్రం ఉంటే దాన్ని తీసుకుని, అందులోని కొలతలు నక్షతో సరిపోతున్నాయేమో చూడండి. సరిపోకపోతే ముందు ఒక మంచి వకీలుతో మాట్లాడి, అప్పుడు మీ అసోసియేషన్ మీటింగ్ పెట్టండి. ఆ మీటింగ్‌కి అద్దెకున్నవాళ్లను కూడా పిలవండి.

నక్ష దొరికాక కాల్వ ఎటు నుంచి వస్తోందో, అలుగు రోడ్డుకి ఏ పక్కన పడుతోందో ఇక్కడ రాయండి. సర్వే నంబరు బయట పెట్టొద్దు. అభ్యంతరం ఎలా రాయాలో పేరా పేరాగా అప్పుడు చెబుతాను.